‘రెయిజిన్’ చూసి వచ్చాను: ఈ కథకు పాటలు ఎందుకు పెట్టారు?

పెరటి_జామచెట్టు

నిన్న రాత్రి మా అమ్మాయితో కలిసి ‘రెయిజిన్’ అనే సంగీత నాటకం చూశాను. మేము ఉండేది షికాగో శివార్లలో. ఇక్కడి చిన్న బృందం ఒకటి వేసింది. లొరెయిన్ హాన్స్‌బెరీ రాసిన ‘ఎ రెయిజిన్ ఇన్ ద సన్’ నాటకానికి పాటలు చేర్చి 1973లో బ్రాడ్వేకు, అంటే న్యూయార్క్ పెద్ద నాటకశాలలకు, తెచ్చిన రూపం ఇది. మా అమ్మాయి అసలు నాటకాన్ని బడిలో చదివింది. నేను 1961లో వచ్చిన సిడ్నీ పోయిటియర్ సినిమా రెండుసార్లు చూశాను. అందుకే ఒళ్లు మండింది.

కథ తెలియనివారి కోసం రెండు ముక్కలు. షికాగో దక్షిణ భాగంలో ఇరుకు ఇంట్లో ఒక నల్లజాతి కుటుంబం. తండ్రి పోయాక 10 వేల డాలర్ల బీమా సొమ్ము వస్తుంది. తల్లి లీనా అందులో కొంత పెట్టి తెల్లవారి పేటలో ఇల్లు కొంటుంది. మిగిలినది కొడుకు వాల్టర్ సారా కొట్టు పెడతానని స్నేహితుడి చేతిలో పోసి పోగొట్టుకుంటాడు. ఈలోపు ఆ పేట నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, మీరు రాకుండా ఉంటే డబ్బిస్తామంటాడు. మొదట అతన్ని బయటికి పంపిన వాల్టర్, సొమ్మంతా పోయాక తానే పిలిచి ఆ డబ్బు తీసుకోవడానికి సిద్ధపడతాడు.

సినిమాలో ఆ ఘట్టం దగ్గర నాకు ఊపిరాడలేదు. ఇక్కడ అదే చోట పాట. పాట ముగియగానే హాలంతా చప్పట్లు. పక్కసీటు ఆయన ఈల కూడా వేశాడు. ఒక మనిషి ఇంటి పరువు అమ్మబోతుంటే ఈల వేస్తారా? ఈ కథకు పాటలు పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టింది?

పాయసం_పాపారావు

రెయిజిన్ అంటే ఎండుద్రాక్ష కదా అని వంటల చర్చ అనుకుని వచ్చాను. వచ్చాను కాబట్టి కూర్చుంటాను. ఆ పేరెందుకు పెట్టారో ఎవరైనా చెబుతారా?

రాత్రి_రైలు

నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ కవిత నుంచి తీసుకున్నారు పాపారావు గారూ. 1951లో వచ్చిన ‘హార్లెం’. వాయిదా పడిన కల ఏమవుతుంది, ఎండలో ద్రాక్షలా వడిలిపోతుందా అని అడుగుతాడు. చివర్లో ఇంకో ప్రశ్న కూడా ఉంది, అది వడిలిపోయే రకం కాదు. వెతికి చదవండి, పదకొండు పాదాలే.

హార్మోనియం_తాత

జామచెట్టు అమ్మా, నీ కోపం అర్థమైంది కానీ ఒప్పుకోను. నేను తెనాలి వైపు వాణ్ణి. నలభై ఏళ్లు పద్య నాటకాలకు హార్మోనియం వాయించాను. బలిజేపల్లి వారి హరిశ్చంద్రలో కాటి సీను అంటే ఏమిటి? కొడుకు శవం ముందుంది, పెళ్లాం ఏడుస్తోంది, కాటికాపరి అయిన రాజు సుంకం అడుగుతున్నాడు. అంతకన్నా దుఃఖం ఇంకేముంటుంది? అక్కడే పద్యం ఎత్తుకుంటాడు. జనం ‘వన్స్ మోర్’ అంటారు. మళ్లీ పాడతాడు. ఒకసారి మూడోసారి కూడా అడిగారు, శవంగా పడుకున్న లోహితుడు దోమ కుట్టి కాలు గోక్కున్నాడు. అయినా ముందు వరసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. చప్పట్లు నటుడి గొంతుకు, కన్నీళ్లు హరిశ్చంద్రుడికి. రెండూ ఒకే మనిషి ఒకే నిమిషంలో ఇవ్వగలడు.

పెరటి_జామచెట్టు

తాతగారూ, హరిశ్చంద్రుడు పురాణ పురుషుడు. ఇది నిన్న మొన్న జరిగిన సంగతి. రచయిత్రి ఇంట్లోనే జరిగింది.

హార్మోనియం_తాత

కాటి సీనులో పాడే పద్యాల్లో కొన్ని జాషువా గారి ‘శ్మశానవాటి’లోవి. అంటరానితనం అనుభవించిన మనిషి రాసినవి. పురాణంలో నిన్నమొన్నటి బాధ ఎలా దూరిందో చూశారా? పద్యం తలుపు తీసింది కాబట్టే దూరింది.

నల్లకోటు

జామచెట్టు గారు ‘రచయిత్రి ఇంట్లోనే’ అన్నారు, దాని వివరం చెబుతాను. అమెరికాలో న్యాయశాస్త్రం చదివినప్పుడు మొదటి ఏడాదే మాకు ‘హాన్స్‌బెరీ వర్సెస్ లీ’ కేసు పాఠం. అది ఈమె తండ్రి కేసని మూడేళ్లపాటు నాకు తెలియలేదు.

కార్ల్ హాన్స్‌బెరీ 1937లో షికాగోలో సౌత్ రోడ్స్ అవెన్యూలో ఇల్లు కొన్నాడు. అక్కడి యజమానులు నల్లవారికి అమ్మం, అద్దెకివ్వం అని ఒప్పందం రాసుకుని ఉన్నారు. రోడ్డుకు ఆనుకున్న స్థలంలో 95 శాతం యజమానులు సంతకం పెడితేనే అది చెల్లుతుంది. నిజానికి పెట్టినవారు 54 శాతం దగ్గర. కానీ అంతకు ముందు వేరే కేసులో ఇరుపక్షాలూ 95 శాతం వచ్చాయని ఒప్పేసుకోవడంతో, ఆ తీర్పుకు మీరూ కట్టుబడాలి అని రాష్ట్ర న్యాయస్థానం ఈ కుటుంబాన్ని వెళ్లిపొమ్మంది. 1940లో సుప్రీంకోర్టు, మొదటి కేసులో వీళ్ల తరఫున మాట్లాడినవారే లేనప్పుడు ఆ తీర్పు వీళ్లకు ఎలా వర్తిస్తుంది అని కొట్టేసింది. గెలిచారు. కానీ ఒప్పందాలు తప్పని మాత్రం కోర్టు అనలేదు. అందుకే విద్యార్థులు ఆ కేసును కులం, జాతి పాఠంలో కాక వ్యాజ్య విధానం పాఠంలో చదువుతారు.

రాత్రి_రైలు

ఆ ఇంటి కిటికీలోంచి లోపలికి విసిరిన వస్తువు ఎనిమిదేళ్ల లొరెయిన్ తలకు కొద్దిలో తప్పింది. భర్త వాషింగ్టన్‌లో కేసు పనిమీద తిరుగుతుంటే తల్లి రాత్రిళ్లు తుపాకి పట్టుకుని ఇంట్లో కాపలా తిరిగేదని లొరెయిన్ తరవాత రాసుకుంది. నాటకంలో లీనా చేతిలో తుపాకి లేదు, కుండీలో చిన్న మొక్క ఉంది. అదీ రచన అంటే.

దక్షిణ_దిక్కు

షికాగో దక్షిణ భాగంలో 26 ఏళ్లుగా ఉంటున్నాను. ఆ ఇంటి ముందు నుంచి చాలాసార్లు నడిచాను. 2010లో నగరం దాన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది. ఒక సంగతి మాత్రం అందరూ మరిచిపోతారు. కార్ల్ హాన్స్‌బెరీ బీదవాడు కాదు, ఇళ్ల వ్యాపారి. పెద్ద వాటాలను చిన్న చిన్న గదులుగా చీల్చి, ఒక్కో గదికి చిన్న వంటమూల పెట్టి, నడవాలో అందరికీ ఒకే మరుగుదొడ్డి ఉంచి అద్దెకివ్వడంలో పేరు పొందాడు. నాటకంలో ఆ కుటుంబం ఉండేది సరిగ్గా అలాంటి ఇంట్లోనే. తండ్రి అద్దెకిచ్చిన గది ఎలా ఉంటుందో కూతురు లోపలి నుంచి చూపించింది.

పాయసం_పాపారావు

ఇది నాకు నచ్చింది. తండ్రి కేసు గెలిచాడు, కూతురు తండ్రి మీద గెలిచింది.

దక్షిణ_దిక్కు

అంత తేలికగా అనకండి. నల్లవారు ఉండదగిన పేటలు నాలుగే అయితే ఎవరు కట్టినా ఆ గదులే నిండుతాయి. వలస వచ్చేవారు ఆగలేదు, పేట సరిహద్దు కదలలేదు. కేంద్ర గృహ సంస్థ 1934 నుంచి నల్లవారి పేటల్లో రుణాలకు పూచీ ఇవ్వలేదు కాబట్టి బ్యాంకులు అప్పివ్వలేదు. అప్పు లేనివాడు కాంట్రాక్టు మీద కొనేవాడు. అంటే నెలనెలా వాయిదా కడతాడు, పత్రం మాత్రం అమ్మినవాడి పేరునే ఉంటుంది. ఒక్క నెల తప్పితే ఇల్లు పోయె, కట్టినదంతా పోయె. అదే ఇంటిని మర్నాడు ఇంకొకరికి అమ్మేవారు. లీనాను కోడలు రూత్, ఇంకెక్కడా ఇళ్లే లేవా అని అడుగుతుంది కదా, నల్లవారికని దూరంగా కట్టిన ఇళ్లు రెట్టింపు ధర పలుకుతున్నాయి అంటుంది. పోరాటం చేద్దామని కాదు, చవకగా వచ్చిందని కొన్నది. నాకు ఆ నాటకంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే.

చిలకలూరి_చిన్నది

అసలు ప్రశ్న పక్కకు పోయింది. పాటలు ఎవరు రాశారో చూశారా? సంగీతం జడ్ వోల్డిన్, పాటలు రాబర్ట్ బ్రిట్టన్, ఇద్దరూ తెల్లవారు. మాటలు కూర్చినవారిలో రాబర్ట్ నెమిరాఫ్, ఆయనా తెల్లవాడే. 1959లో అసలు నాటకం వచ్చినప్పుడు బ్రాడ్వే మీద నల్లజాతి స్త్రీ రాసిన మొదటి నాటకమని, దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్ కూడా నల్లజాతి వాడని చెప్పుకున్నారు. పద్నాలుగేళ్ల తరవాత పాటల పుస్తకం ఎవరి చేతికి వెళ్లింది? జామచెట్టు గారికి తేడా కొట్టింది అందుకే అనుకుంటున్నాను.

రాత్రి_రైలు

నెమిరాఫ్ ఎవరో కూడా చెప్పాలి కదా. లొరెయిన్ భర్త. 1953లో పెళ్లి, 1964లో విడాకులు. మరుసటి జనవరిలో ఆమె కేన్సర్‌తో పోయింది, 34 ఏళ్లు. మిగిలిన కాగితాలన్నీ పోకుండా కాపాడి, అచ్చువేయించి, వేదిక మీదికి తెచ్చినవాడు ఆయనే. అంతకు ముందు ఆయన భాగస్వామిగా రాసిన ఒక పాట 1956లో బాగా అమ్ముడుపోతే, ఆ డబ్బుతోనే ఆమె ఉద్యోగాలు మాని రాయడానికి కూర్చుంది. ఆ ఇంట్లో పాట అన్నం పెట్టింది మరి.

ఇంకోటి, ‘రెయిజిన్’ దర్శకుడు, నృత్య దర్శకుడు డొనాల్డ్ మెకేల్. ఆయన నల్లజాతి వాడే.

చిలకలూరి_చిన్నది

కాపాడటం వేరు, ఆమె మాట మీద వేరొకరి పాట పెట్టడం వేరు. ఆమె ఉంటే ఒప్పుకునేదో లేదో అడగడానికి మనిషి లేదు.

పాతసినిమా_పిచ్చి

నేను పాటల రికార్డు విన్నవాణ్ణి, వేదిక మీద చూడలేదు. మొదటి ప్రదర్శనల్లో తల్లి వర్జీనియా కేపర్స్, వాల్టర్ జో మోర్టన్. ‘టెర్మినేటర్ 2’లో కంప్యూటర్ చిప్ తయారుచేసే శాస్త్రవేత్త గుర్తున్నాడా, అతనే. చెల్లెలు బెనీతా డెబీ ఆలెన్.

జామచెట్టు గారికి ఉపయోగపడే ఆయుధం ఒకటి ఇస్తాను. బ్రాడ్వే నాటకాలకు ఇచ్చే టోనీ అవార్డుల్లో 1974లో ‘రెయిజిన్’కు ఉత్తమ సంగీత నాటకం, కేపర్స్‌కు ఉత్తమ నటి వచ్చాయి. ఉత్తమ సంగీతం మాత్రం ‘జీజీ’కి పోయింది, మాటల రచన అవార్డు ‘కాండీడ్’కు. సంగీత నాటకాల్లో ఇదే గొప్పది, కానీ సంగీతం గొప్పది కాదు, మాటలూ గొప్పవి కావు అన్నమాట. పెళ్లి ఘనంగా జరిగింది, వరుడే బాగాలేడు అన్నట్టు.

పెరటి_జామచెట్టు

ఈ ఆయుధం దాచుకున్నాను. నాకోసం తయారుచేసినట్టే ఉంది.

హార్మోనియం_తాత

అవార్డులు ఇచ్చేవారికి చెవులుంటాయని ఎవరన్నారు? ఎన్ని ఆటలు ఆడిందో చెప్పు నాయనా.

పాతసినిమా_పిచ్చి

847 తాతగారూ. 1973 అక్టోబరు నుంచి 1975 డిసెంబరు దాకా. పాటలు లేని అసలు నాటకం 530 ఆడింది. మొదలుపెట్టిన థియేటరు పేరు అప్పట్లో 46వ వీధి థియేటర్, ఇప్పుడు రిచర్డ్ రోడ్జర్స్. ‘హామిల్టన్’ ఆడుతున్నది అందులోనే.

ఇల్లు_కొన్నవాడు

మొన్నటిదాకా ఇలాంటివి చరిత్ర పుస్తకాల సంగతి అనుకునేవాణ్ణి. నేను కాలిఫోర్నియాలో ఉంటాను. నాలుగేళ్ల క్రితం పాత ఇల్లు కొన్నప్పుడు సంతకాల రోజున గుట్ట కాగితాలు ఇచ్చారు, అందరిలాగే చదవకుండా పెట్టాను. కిందటి సంక్రాంతికి ప్రహరీ గోడ విషయమై వెతుకుతుంటే 1940ల నాటి పేజీ ఒకటి కనబడింది. ఈ స్థలంలో తెల్లజాతివారు తప్ప ఎవరూ నివసించరాదు, ఇంటి పనివారికి మాత్రం మినహాయింపు, అని ఉంది.

పడకగదిలో కూర్చుని చదివాను. ఆ లెక్కన నా ఇంట్లో నేను అంట్లు తోముకుంటూ మాత్రమే ఉండవచ్చు.

పాయసం_పాపారావు

మా ఇంట్లో నేను ఆ హోదాలోనే ఉన్నాను, కాగితం కూడా అవసరం లేదు.

నల్లకోటు

భయపడకండి, 1948లో ‘షెల్లీ వర్సెస్ క్రేమర్’ తీర్పుతో వాటిని కోర్టులు అమలుచేయడం ఆగింది. 1968 గృహ చట్టంతో అవి పూర్తిగా చట్టవిరుద్ధమయ్యాయి. కానీ పాత పత్రాల్లో అక్షరాలు అలాగే ఉండిపోయాయి.

మీరు తెల్లవారి లెక్కలోకి రారన్నది మాత్రం 1923లోనే తేలింది. పంజాబు నుంచి వెళ్లిన భగత్ సింగ్ థిండ్, తాను తెల్లజాతి కిందికే వస్తాను కాబట్టి పౌరసత్వం ఇవ్వాలని వాదించాడు. శాస్త్రం ఏమన్నా మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆయన ‘మేమూ మీవాళ్లమే’ అని అడిగాడు చూడండి, నాకు బాధ కలిగించేది తీర్పు కన్నా ఆ వాదన.

దక్షిణ_దిక్కు

ఆ వాదన ఇప్పటికీ మన విందుల్లో వినబడుతుంది. ఇల్లు చూడటానికి వెళ్లే ముందు ‘ఆ పేట ఎలాంటిది’ అని అడుగుతారు. అడిగే గొంతు తగ్గుతుంది. మనం ఇక్కడికి రాగలిగింది 1965 వలస చట్టం వల్ల, ఆ చట్టానికి ఊపిరి పోసింది నల్లవారి హక్కుల ఉద్యమం. వచ్చాక మొదట నేర్చుకునేది ఏ వీధిలో వాళ్లు ఎక్కువ ఉన్నారన్నది.

కొత్తపేట_కుర్రాడు

అమెరికా దాకా ఎందుకు? హైదరాబాదులో ‘టులెట్’ బోర్డు చూసి ఫోను చేశాను. అద్దె కుదిరింది, అడ్వాన్సు కుదిరింది, నీళ్లు రోజూ వస్తాయన్నారు. చివర్లో ‘ఇంతకీ మీరు ఏమిటి బాబూ?’ అన్నారు. సాఫ్ట్‌వేర్ అన్నాను. ‘అది కాదు బాబూ’ అన్నారు. చెప్పాను. సాయంత్రం ఆవిడే ఫోను చేసి, మా ఆడపడుచు వాళ్లు వస్తామన్నారు, ఏమీ అనుకోవద్దు అని ఎంతో బాధపడుతూ చెప్పారు. నాలుగు నెలలు ఆ బోర్డు అక్కడే వేలాడింది. ఆడపడుచుకు దారి దొరకలేదు పాపం.

గుమ్మం_ముందు_ముగ్గు

దానికీ దీనికీ పోలిక ఏమిటి? అక్కడ ఇళ్ల మీద బాంబులు వేశారు. ఇక్కడ ఎవరి ఇల్లు వారి ఇష్టం. శాకాహారులు శాకాహారులకు ఇచ్చుకుంటారు. అన్నిటికీ కులం తెస్తే చర్చ చెడుతుంది.

కొత్తపేట_కుర్రాడు

మేము మాంసం తింటామో లేదో ఆవిడ అడగలేదండీ.

దక్షిణ_దిక్కు

ముగ్గు గారూ, బాంబులు వేసిన మాట నిజం. కానీ ఈ నాటకంలో బాంబు వేసేవాడు వేదిక మీదికి రాడు. వచ్చేది లిండ్నర్, డబ్బిస్తామన్న ఆ పెద్దమనిషి. కోటు వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని, ఎంతో ఇబ్బందిపడుతూ మాట్లాడతాడు. గొంతు పెంచడు. అందరూ తమ తమవాళ్ల మధ్య ఉంటేనే సుఖం, మీ మంచికే చెబుతున్నాం అంటాడు. కుర్రాడు గారికి ఫోను చేసిన ఆవిడా ఏమీ అనుకోవద్దనే అంది. పోలిక అక్కడుంది, హింస ఎంత అన్న లెక్కలో లేదు.

గుమ్మం_ముందు_ముగ్గు

నేను ఒప్పుకోను. అయినా ఆవిడ బోర్డు తీసేసి ఉండవలసింది.

పాతసినిమా_పిచ్చి

లిండ్నర్ మాట వచ్చింది కాబట్టి మళ్లీ పాటల దగ్గరికి వస్తాను. అతను వెళ్లిపోయాక తల్లి ఇంటికి వస్తుంది. పిల్లలు ముగ్గురూ (వాల్టర్, భార్య రూత్, బెనీతా) ఆవిడకు జరిగింది చెప్పే పాట ఉంది, ‘నాట్ ఎనీమోర్’. ఈ రోజుల్లో అలాంటివి చేయరమ్మా, ఇప్పుడంతా నాగరికం అని లిండ్నర్ మర్యాదను ఎత్తి చూపిస్తూ ఎగతాళిగా పాడతారు. హుషారైన వరస. నవ్వొస్తుంది. నవ్వుతుండగా వాళ్లు ‘ఇప్పుడు చేయరు’ అంటున్న పని ఏమిటో వినబడుతుంది. జామచెట్టు గారూ, ఆ పాట దగ్గర మీ పక్కసీటు ఆయన ఏం చేశాడు?

పెరటి_జామచెట్టు

మంచి ప్రశ్న అడిగారు. గుర్తు తెచ్చుకున్నాను. మొదట పెద్దగా నవ్వాడు. సగంలో ఆగిపోయాడు. హాలులో చాలామంది అలాగే ఆగిపోయారు. పాట అయ్యాక చప్పట్లు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చాయి. నేనూ నవ్వాను, నవ్వినందుకు సిగ్గుపడ్డాను. అసలు నాటకంలో అదే చోట పిల్లలు వేళాకోళంగానే మాట్లాడతారు, కానీ అప్పుడు నాకు సిగ్గు కలగలేదు. సరే, ఆ ఒక్క పాట ఇచ్చేశాను. మిగతావి ఇవ్వను.

హార్మోనియం_తాత

ఒకటి ఇచ్చావా! ఇక పడిపోయావు.

చిలకలూరి_చిన్నది

నేనూ ఆ పాట విన్నాను ఇప్పుడే. బాగుంది. ఎవరు రాశారన్న నా అభ్యంతరం అలాగే ఉంది. రెండూ ఉండవచ్చు కదా.

రాత్రి_రైలు

నాకు వాల్టర్ కొడుకు, చిన్నవాడు ట్రావిస్ పాడే ‘సైడ్‌వాక్ ట్రీ’ ఇష్టం. అందరూ కొత్త ఇంటికి వెళ్దామని సంబరపడుతుంటే వాడు మాత్రం వీధిలోని చెట్టును వదలలేక పాడతాడు. సోఫా మీద పడుకునే పిల్లవాడు, నడవాలో మరుగుదొడ్డికి వరసలో నిలబడే పిల్లవాడు, ఆ వీధికే దిగులుపడతాడు. పాట లేకపోతే ఈ సంగతి ఎవరికీ తట్టేది కాదు.

ఇలాంటివి ఇష్టపడేవారు ‘కరొలైన్, ఆర్ చేంజ్’ కూడా వినండి. 1963, లూసియానా, యూదుల ఇంట్లో పనిచేసే నల్లజాతి స్త్రీ కథ. అందులో బట్టలుతికే యంత్రం పాడుతుంది.

పాయసం_పాపారావు

మాదీ పాడుతుంది. మెకానిక్కును పిలవాలి.

ఇల్లు_కొన్నవాడు

నల్లకోటు గారూ, మీ మాట విన్నాక విచారించాను. ఆ వాక్యాన్ని కొట్టివేయించడానికి మా దగ్గర జిల్లా పత్రాల కార్యాలయంలో దరఖాస్తు ఉంది. నింపాను. మా ఆవిడ మాత్రం కొట్టేయించే ముందు ఒక నకలు తీసి ఉంచమంటోంది. పిల్లలకు చూపించాలట. నాకేమో అది ఇంట్లో ఉండటమే ఇష్టం లేదు. రెండు రోజులుగా ఇదే వాదన.

దక్షిణ_దిక్కు

నకలు ఉంచండి. ఇల్లు మీది, కాగితమూ మీదే.

గుమ్మం_ముందు_ముగ్గు

చించి పారేయండి. ఇంట్లో అశుభం.

పెరటి_జామచెట్టు

మా అమ్మాయి ఈ చర్చ అంతా నా చేత చదివించుకుంది, తెలుగు చదవడం రాదు కాబట్టి. వాల్టర్ పాట మీద దాని అభిప్రాయం వేరే. ‘అమ్మా, అందరూ చప్పట్లు కొడుతుంటే అతను ఒక్కడే తల వంచుకుని నిలబడ్డాడు, నువ్వు వాళ్లనే చూశావు, నేను అతన్ని చూశాను’ అంది. ఏమీ అనలేకపోయాను. వచ్చే శనివారం ఆఖరి ఆట ఉంది, మళ్లీ వెళ్తున్నాం. పక్కసీటులో ఎవరు కూర్చుంటారో చూడాలి.

హార్మోనియం_తాత

మనవడు ఫోనులో పెట్టి వినిపించాడు, తల్లి మొక్కతో మాట్లాడుతూ పాడేది. రెండుసార్లు విన్నాను. హార్మోనియం మీద పడుతుందేమోనని చూశాను, శ్రుతి దొరికింది కానీ ఆవిడ స్వరం రెండు కట్టెల మధ్య ఎక్కడో నిలబడుతోంది, నాకు అందడం లేదు. శనివారం వెళ్లినప్పుడు అక్కడ ఏ వాయిద్యం పెట్టారో చూసి చెప్పమ్మా.